హైస్కూల్లో సోషల్‌కి ఒక గది దొరికింది. ఏం పెట్టాలి, ఎలా నడపాలి?

మున్నేటిగట్టు

అందరికీ నమస్కారం. ఖమ్మం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతున్నాను. ఈ ఏడాది మా బడిలో ఒక గది ఖాళీ అయింది. స్టాఫ్ మీటింగులో హెచ్.ఎం. గారు "సోషల్ వాళ్ళు ఎప్పటినుంచో గది గది అంటున్నారుగా, తీసుకోండి. కానీ దసరా సెలవుల్లోపు అందులో పని కనబడాలి" అన్నారు.

గది 20 అడుగులకు 20 అడుగులు. ఒక గోడకి నల్లబల్ల, ఇంకో గోడకి రెండు కిటికీలు, మిగతా రెండు గోడలూ ఖాళీ. స్టోర్ రూములో దుమ్ము కొట్టుకుపోయిన చుట్ట పటాలు కట్టగా ఉన్నాయి. స్టాండు విరిగిన గ్లోబు ఒకటి ఉంది. ఆరు నుంచి పది దాకా ఒక్కో సెక్షనే, సోషల్‌కి ఇద్దరం.

ల్యాబు అంటే సైన్సుకే అని మన బళ్ళలో పాతుకుపోయింది. సోషల్ అంటే పుస్తకం చదివించడం, ప్రశ్న జవాబులు రాయించడం. పుస్తకాల్లో మాత్రం విద్యా ప్రమాణాలంటూ సమాచార నైపుణ్యాలు, పట నైపుణ్యాలు, సమకాలీన అంశాలపై ప్రతిస్పందన అని రాసి ఉంటుంది. ఆ నైపుణ్యం వచ్చేది చేత్తో చేస్తేనే కదా. చార్టులు అంటించి, తోరణాలు కట్టి, తనిఖీ రోజు తాళం తీసే గది నాకొద్దు. ఇప్పటికే చేసినవాళ్ళు, చేయాలనుకుని ఆగిపోయినవాళ్ళు చెప్పండి.

గుండ్లకమ్మ

మాది ప్రకాశం జిల్లా. మా బడిలో సోషల్ గది కొన్నేళ్ళుగా నడుస్తోంది కాబట్టి చెబుతున్నా సార్, మొదటి రూపాయి చార్టుల మీద పెట్టకండి. పెయింటు డబ్బాల మీద పెట్టండి. నేల మీద భారతదేశం గీయించండి.

ఎందుకంటే, ఏడో తరగతి పిల్లల్ని నిలబెట్టి "ఉత్తరం ఎటు?" అని అడగండి. సగం మంది వేలు పైకప్పు వైపు చూపిస్తారు. పటం ఎప్పుడూ గోడకే వేలాడుతుంది కాబట్టి వాళ్ళకి ఉత్తరం అంటే పైన, దక్షిణం అంటే కింద. నేల మీద, నిజంగా ఉత్తరం ఉన్న వైపుకే కాశ్మీరం వచ్చేలా గీస్తే ఆ చిక్కు ఒక్క పూటలో పోతుంది. కన్యాకుమారి దగ్గర ఉత్తరం వైపు తిరిగి నిలబడి కుడిచెయ్యి చాపితే బంగాళాఖాతం, ఎడమచెయ్యి చాపితే అరేబియా సముద్రం. ఒళ్ళు తిప్పి నేర్చుకున్నది పిల్లలు మర్చిపోరు.

గీయడం కష్టమేం కాదు. దేశం ఉత్తర దక్షిణాలుగా 3,214 కిలోమీటర్లు, తూర్పు పడమరలుగా 2,933. అడుగుకి 300 కిలోమీటర్ల లెక్కన గీస్తే పదకొండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు లోపల సరిపోతుంది. పుస్తకంలో పటం మీద గళ్ళు కొట్టి, నేల మీద చాక్‌పీసుతో అవే గళ్ళు పెద్దవిగా కొట్టి, ఒక్కో గడిలో ఏ గీత ఉందో చూసి దించుకోవడమే. మా బడిలో తొమ్మిదో తరగతి వాళ్ళే గీశారు. స్కేలు పాఠం విడిగా చెప్పక్కర్లేకపోయింది. గదిలో బెంచీలు అడ్డమైతే వరండాలోనో, జెండా దిమ్మె దగ్గరో గీయించండి. అక్కడైతే అడుగుకి 200 కిలోమీటర్లు పెట్టుకోవచ్చు.

నీలిసిరా

నేను బయాలజీ చెబుతాను. విరోధంతో కాదు, నిజంగానే అడుగుతున్నా. తరగతి గదుల్లో ఐ.ఎఫ్.పి. ప్యానెళ్ళు, అదే పెద్ద టచ్ తెరలు, వచ్చాక ప్రత్యేకంగా గది ఎందుకు? గూగుల్ ఎర్త్ పెడితే ప్రపంచమంతా తెరమీదే తిరుగుతుంది. పైగా పిల్లలు గది మారాలంటే సంచులు సర్దుకుని, వరండాలో నడిచి, కూర్చునేసరికి పీరియడులో ఐదారు నిమిషాలు పోతాయి. మా సైన్స్ ల్యాబుకి తీసుకెళ్ళినప్పుడల్లా నాకిదే తలనొప్పి. ఉన్న గది లైబ్రరీకి ఇస్తే అన్ని సబ్జెక్టులకీ పనికొస్తుంది కదా.

మున్నేటిగట్టు

మేడమ్, మీ ప్రశ్న న్యాయమైనదే. ముందు టైము లెక్క చెబుతా. మాకు రోజుకి ఎనిమిది పీరియడ్ల చొప్పున వారానికి 48. ఐదు తరగతులకి వారానికి ఆరేసి సోషల్ పీరియడ్లు అంటే 30. అంటే సోషల్ పీరియడ్లన్నీ ఆ ఒక్క గదిలోనే జరిపినా ఇంకా 18 ఖాళీ. ఆ ఖాళీలో లైబ్రరీ పీరియడు పెట్టుకోవచ్చు, గది ఎవరికీ దూరం కాదు. అదే రెండేసి సెక్షన్లు ఉన్న బడి అయితే 60 కావాలి, అక్కడ కుదరదు. అలాంటి చోట ఒక్కో సెక్షనుకి వారంలో రెండు పీరియడ్లు కలిపి ఇస్తే చాలు. నడకకి పోయే నిమిషాలూ తగ్గుతాయి, చేతిపనికి తీరికా దొరుకుతుంది.

ప్యానెల్ సంగతంటారా, అది ఉండాల్సిందే, నేనూ వాడతాను. కానీ తెరమీద గోదావరిని తిప్పేది నేను, చూసేది పిల్లలు. వాళ్ళు కొలిచేది, గీసేది, తప్పు గీసి చెరిపేది ఏదీ అందులో జరగదు. పీరియడు అయ్యాక తెర ఆరిపోతుంది. సగం కట్టిన నమూనా రేపటిదాకా కదలకుండా ఉండడానికి చోటు కావాలి. గది అడిగింది అందుకే.

పటాలపెట్టె

టీచర్ని కాదు, పటాలంటే ప్రాణం. ఆ స్టోర్ రూము కట్ట మీద నాలుగు మాటలు చెప్పనివ్వండి. దయచేసి ఏదీ పారేయకండి.

ఒక్కో పటం మీద ముద్రించిన ఏడాది చూడండి. 23 జిల్లాల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉందంటే అది 2014 జూన్ 2కి ముందుది. పది జిల్లాల తెలంగాణ అయితే 2016 అక్టోబరు 11కి ముందుది. ఆ రోజు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట కలిసి 33. అవతల ఆంధ్రలో 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. దేశపటంలో 29 రాష్ట్రాలు ఉంటే అది జమ్మూ కాశ్మీర్ 2019 అక్టోబరు 31న కేంద్రపాలిత ప్రాంతాలుగా మారకముందుది. వీటిని వరసగా ఒకే గోడకి వేలాడదీసి, ఏడాది చెప్పకుండా "ఇది ఏ కాలం పటం? ఎలా కనిపెట్టావు?" అని అడగండి. 1953 అక్టోబరు 1 కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబరు 1 ఆంధ్రప్రదేశ్, ఇవన్నీ బట్టీ పట్టే తేదీలుగా కాక గీతలు కదిలిన రోజులుగా పిల్లలకి అర్థమవుతాయి. పరీక్షలో పటం గుర్తించడానికి మాత్రం కొత్తది ఒకటి విడిగా ఉండాలి, రెండూ కలిపేస్తే పిల్లలు తికమకపడతారు.

ఇంకొకటి. నెట్‌లో దొరికిన భారతదేశ పటం ఏదిపడితే అది ప్రింటు తీసి గోడకి పెట్టకండి. చాలావాటిలో ఉత్తర సరిహద్దు తప్పుగా ఉంటుంది. సర్వే ఆఫ్ ఇండియా పటమే ప్రమాణం. వాళ్ళ ఆన్‌లైన్ మ్యాప్స్ పోర్టల్లో పేరు నమోదు చేసుకుంటే 1:50,000 స్కేలు ఓపెన్ సిరీస్ పటాలు పీడీఎఫ్‌గా ఉచితంగా దించుకోవచ్చు. మీ ఊరున్న షీటు తీసి, ఫ్లెక్సీ షాపులో పెద్దగా ప్రింటు వేయించండి. పెద్దది చేయించినా పటం మీదే ఉండే స్కేలు గీత కూడా దానితో పాటే పెరుగుతుంది కాబట్టి దూరాలు దాంతో కొలవచ్చు. అసలు సైజులో అయితే రెండు సెంటీమీటర్లకి ఒక కిలోమీటరు. నీలం నీళ్ళకి, పచ్చ అడవికి, పసుపు సాగుభూమికి, గోధుమరంగు గీతలు ఎత్తుపల్లాలకి. తన ఊరి చెరువు, తన ఊరి గుట్ట పటంలో కనబడ్డప్పుడు పిల్లాడి మొహం చూడాలి. ఇస్రో ఉపగ్రహ చిత్రాల కేంద్రం ఎన్.ఆర్.ఎస్.సి. వాళ్ళ వెబ్‌సైట్ భువన్‌లో అదే చోటు ఉపగ్రహ చిత్రం తీసి పక్కన పెడితే, పటం గీసిన నాటి చెరువు ఇప్పుడు ఎంత మిగిలిందో వాళ్ళే కొలిచి చెబుతారు.

విశ్రాంత హెచ్చెమ్

బాబూ, ఆలోచన బాగుంది. డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతా.

బడి ఖర్చులకి ఏటా ఇచ్చే సమగ్ర శిక్ష కాంపోజిట్ స్కూల్ గ్రాంటు పిల్లల సంఖ్యని బట్టి ఉంటుంది. 101 నుంచి 250 మంది ఉంటే 50 వేలు, 251 నుంచి వెయ్యి దాకా 75 వేలు. అందులో కనీసం పది శాతం పారిశుద్ధ్యానికి పోవాలి. మిగిలిందే కరెంటు బిల్లుకి, చాక్‌పీసులకి, రిజిస్టర్లకి, చిన్నాచితకా రిపేర్లకి. అందులోంచి సోషల్ గదికి పెద్ద మొత్తం వస్తుందనుకోవద్దు. పెయింటు, ప్లైవుడ్డు, తాడు, గుడ్డ, వీటివరకు అడిగితే ఏ హెచ్.ఎం. అయినా కాదనడు. ముందుగా బడి కమిటీ సమావేశంలో పెట్టి తీర్మానం రాయించు. పూర్వ విద్యార్థుల్ని అడిగేటప్పుడు డబ్బు అడక్కు, వస్తువు అడుగు. "ఒక బీరువా కావాలి" అంటే ఇచ్చేవాడు దొరుకుతాడు. "విరాళం" అంటే ఆలోచిస్తానంటాడు.

స్టాక్ రిజిస్టర్ మొదటి రోజే తెరువు. నువ్వు బదిలీ అయిపోతే తర్వాత వచ్చేవాళ్ళకి ఏ పటం ఎక్కడుందో, ఏ నమూనా ఎవరు చేశారో తెలియాలి. నా సర్వీసులో ఇలాంటి గదులు బాగా నడిచి, ఆ మాస్టారు వెళ్ళగానే మూతబడ్డవి చాలా చూశాను. ఇద్దరున్నారు కాబట్టి తాళం ఇద్దరి దగ్గరా ఉండాలి. పదో తరగతి పిల్లలకి కూడా బాధ్యత అప్పగించు. పీరియడు అయ్యాక ఏది ఎక్కడ పెట్టాలో వాళ్ళకే బాగా తెలుస్తుంది.

పల్నాటి పంతులమ్మ

గోడలు రెండు ఖాళీ అన్నారు కదా సార్. ఒక గోడ కాలరేఖకి ఇచ్చెయ్యండి. మా బడిలో ఎలా చేశామో చెబుతాను.

సెంటీమీటరుకి పదేళ్ళు. హరప్పా నగరాలు బాగా ఉన్న క్రీ.పూ. 2600 నుంచి ఇవాళ్టి దాకా పట్టీ గీస్తే నాలుగున్నర మీటర్లు దాటుతుంది, అంటే మీ గోడ మీద పదిహేను అడుగులు. పాత చీర అంచు లాంటి పొడవాటి గుడ్డ మీద గీసినా చాలు. హరప్పా నుంచి అశోకుడి దాకా వచ్చేసరికే పట్టీలో సగం అయిపోయింది! పుస్తకంలో అదంతా కొన్ని పేజీల్లో తిరిగిపోతుంది కాబట్టి పిల్లలకి ఆ కాలం పొడవు ఎప్పుడూ తెలియదు. కాకతీయుల పతనం, 1323, చివరి నుంచి 70 సెంటీమీటర్లు. హైదరాబాదు కట్టింది 1591, చివరి నుంచి 43. స్వాతంత్ర్యం వచ్చి ఇప్పటికి ఎనిమిది సెంటీమీటర్ల లోపే. ఒక పాప తన పుట్టినరోజు గుర్తు పెట్టబోయి, చివరి గీతకి సెంటీమీటరున్నర దూరంలో ఆగిపోయింది. వాళ్ళమ్మమ్మ పుట్టిన చోటుకి, తను పుట్టిన చోటుకి మధ్య వేలు పెట్టి కొలుచుకుంది. ఆ తర్వాత ఆ తరగతిలో "క్రీస్తుపూర్వం అంటే ఏంటి టీచర్" అని ఎవరూ అడగలేదు.

దాని కింద మీ జిల్లావి పెట్టండి. మీకు నేలకొండపల్లి స్తూపం దగ్గరే. మాకు నాగార్జునకొండ. 1955 డిసెంబరు 10న సాగర్‌కి శంకుస్థాపన జరిగింది. ఆ నీళ్ళలో మునిగిపోయేలోపు 1954 నుంచి 1960 దాకా ఆ లోయంతా తవ్వి, కట్టడాలు కొన్నిటిని కొండమీదికి, అనుపుకి తరలించారు. ఆ కాలంలో ఊళ్ళు ఖాళీ చేసి వచ్చినవాళ్ళ కుటుంబాలు మా చుట్టుపక్కల ఉన్నాయి. పిల్లలు తాతల్ని అడిగి రాసుకొచ్చిన కాగితాలు మా గదిలో ఒక ఫైలు. ఒకప్పుడు ఆ లోయనుంచే ఏలిన ఇక్ష్వాకుల పాఠం చెప్పేటప్పుడు ఆ ఫైలు తీస్తాను. రెండు కాలాలు ఒకే చోట కలుస్తాయి.

నాణేలు, తాళపత్రాలు, పాత కొలపాత్రలు తెమ్మంటే పిల్లలు ఉత్సాహంగా తెస్తారు. తెచ్చినవి గదిలో ఉంచుకోవద్దు. ఫోటో తీసి, ఎవరింటిదో, దేనికి వాడేవాళ్ళో రాయించి, అదే రోజు ఇంటికి పంపేయండి. పోతే పెద్ద గొడవ. శాసనాల దగ్గరికి తీసుకెళ్తే సుద్ద పూయనివ్వకండి, రంగు తాకించనివ్వకండి. సాయంత్రం ఏటవాలు వెలుతురులో ఫోటో తీస్తే అక్షరాలు లేచి కనబడతాయి.

ఇద్దరు పిల్లల తండ్రి

చదువుతుంటే ఆశగా ఉంది. మా వాడు ప్రైవేటు స్కూల్లో తొమ్మిది. సోషల్ అంటే బిట్ల పుస్తకం. పంచాయతీ ఆదాయ మార్గాలు ఐదు రాయమంటే గడగడా రాస్తాడు. మా పంచాయతీ ఆఫీసు ఎక్కడుందో తెలియదు. సివిక్స్, ఎకనామిక్స్‌కి ఈ గదిలో ఏం చేస్తారు? పటాలు, చరిత్ర సరే, వీటికి చూపించే వస్తువు ఏముంటుంది?

ఊరిలెక్క

అన్నిటికన్నా ఎక్కువ సరుకు దొరికేది వీటికేనండీ. ఇంట్లో కరెంటు బిల్లు, రేషన్ కార్డు జిరాక్సు, బ్యాంకు చలానా, ఎరువుల కొట్టు రసీదు, ధాన్యం కొనుగోలు కేంద్రం చీటీ. పేర్లు, నంబర్లు నల్లగా కొట్టేసి ఒక పెట్టెలో పెట్టుకుంటే అదే ఎకనామిక్స్ ల్యాబు. ధాన్యం సాధారణ రకానికి మద్దతు ధర 2024-25లో క్వింటాలుకి 2,300, 2025-26లో 2,369. ఇంట్లో వాళ్ళకి చేతికి ఎంత వచ్చింది, బస్తాలకి, హమాలీకి, తరుగుకి ఎంత పోయింది అని పిల్లలే కూడుకుంటే మద్దతు ధర అన్న మాటకి అర్థం వస్తుంది.

మీ పంచాయతీ ప్రణాళిక, జమాఖర్చు ఈ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైట్లో దొరుకుతాయి. అవి ప్రింటు తీసి, గదిలో బెంచీలు గుండ్రంగా వేసి గ్రామసభ జరిపించండి. 2011 జనాభా లెక్కల జిల్లా పుస్తకంలో మీ ఊరి వరస ఒక్కటి చాలు. స్త్రీ పురుష నిష్పత్తి, అక్షరాస్యత పిల్లలు లెక్కకట్టి పక్క ఊరితో పోల్చుకుంటారు.

ఒక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. ఇంటింటి సర్వే చేయించేటప్పుడు కులం, ఆదాయం, అప్పు, మద్యం, ఈ నాలుగూ పిల్లల చేత అడిగించకండి. తరగతిలో చదివించడం అసలే వద్దు. ఒక బళ్ళో మరుగుదొడ్డి ఉందా లేదా అని పేర్లతో సహా చార్టు కట్టి గోడకి పెట్టారు. లేని ఇళ్ళ ఆడపిల్లలు ఆ గదిలోకి రావడానికే సిగ్గుపడ్డారు. లెక్క వీధి పేరుతోనో, మొత్తంగానో ఉండాలి, ఇంటి పేరుతో కాదు. నీళ్ళ కుళాయి ఎన్నింటికి వస్తుంది, చేతిపంపులు ఎన్ని పనిచేస్తున్నాయి, వీధిలైట్లు ఎన్ని వెలగవు, ఇలాంటివి అడిగించండి. అవి అందరివీ.

నీలిసిరా

సరే, ఇప్పుడు నాకూ అర్థమైంది. గది మారే నిమిషాల మీద నా అభిప్రాయం మాత్రం అదే. భోజన విరామం అయిన వెంటనే వచ్చే పీరియడు సోషల్‌కి పెట్టించుకోండి. పిల్లలు ఎలాగూ బయటినుంచే వస్తారు, నేరుగా ఆ గదికే వెళ్తారు. ఇంకొకటి, వర్షమాపకం, గరిష్ఠ కనిష్ఠ ఉష్ణమాపకం మనం కలిసి వాడుకుందాం. రెండున్నర మిల్లీమీటర్లు అంతకు మించి పడితేనే వాతావరణ శాఖ దాన్ని వర్షపు రోజు అంటుంది. రోజూ రాయిస్తే మీకు శీతోష్ణస్థితి, నాకు గ్రాఫు.

తడిమిచూడు

ప్రత్యేక అవసరాల పిల్లలతో పనిచేస్తాను. ఇంత చర్చలో చూపు సరిగా లేని పిల్లల మాట రాలేదు. మీ బడిలో ఇప్పుడు లేకపోయినా రేపు చేరవచ్చు.

అట్టమీద పటం గీసి, సరిహద్దుకి లావు ట్వైన్ దారం, నదులకి సన్నటి ఊలు, పర్వతాలకి ఇసుక, ఎడారికి రవ్వ, రాష్ట్ర రాజధానికి ఒక గుండీ జిగురుతో అంటించండి. ఒక పటంలో నాలుగు కన్నా ఎక్కువ రకాలు పెట్టకండి, వేళ్ళకి తేడా తెలియదు. నదులకొకటి, పంటలకొకటి విడివిడిగా చేయాలి. కోల్‌కతాలోని కేంద్ర ప్రభుత్వ పటాల సంస్థ నాట్మో బ్రెయిలీ అట్లాసు ప్రచురించింది, దానికోసం రాయండి. చూపున్న పిల్లలు కూడా కళ్ళు మూసుకుని ఈ పటాలు తడిమి నదుల పేర్లు చెప్పే ఆట ఆడతారు, చాలా ఇష్టపడతారు. పటాలు నడుము ఎత్తులో బల్ల మీద ఉంచండి. చక్రాల కుర్చీ పిల్లలకి గోడమీద ఏడడుగుల ఎత్తున ఉన్నది ఏదీ అందదు.

మున్నేటిగట్టు

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. హెచ్.ఎం. గారితో, మా తోటి టీచరుతో మాట్లాడాను. ఇలా అనుకున్నాం.

గదిలో బెంచీలు సగం తీసేసి నాలుగు పెద్ద బల్లలు గోడవార. నేల పటం వరండాలో, అడుగుకి 200 కిలోమీటర్లు, తొమ్మిదో తరగతి బాధ్యత. కాలరేఖ కిటికీల ఎదురు గోడకి, ఎనిమిదో తరగతి. పాత పటాల వరస వెనక గోడకి, ఏడాదులు అట్ట కింద దాచి ఉంటాయి. దారం పటాలు ఆరో తరగతి పిల్లలు చేస్తారు. బిల్లుల పెట్టె, గ్రామసభ పదో తరగతికి, ఏడాది మధ్యలో మార్కులు వేసే ఎఫ్.ఏ. ప్రాజెక్టు పని కింద అదే రాయిస్తాం, వాళ్ళకి విడిగా భారం ఉండదు. ఏడో తరగతికి మున్నేరు. ఎక్కడ పుట్టి ఎక్కడ కృష్ణలో కలుస్తుందో కాగితపు గుజ్జుతో నమూనా, 2024 సెప్టెంబరు వరదలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఇళ్ళవాళ్ళని అడిగి దానిమీదే గుర్తులు. పోయిన సామాను, నష్టం లెక్కలు అడగం, నీటి మట్టం ఒక్కటే. ఊరిలెక్క గారు చెప్పింది గుర్తుంది. భోజనం తర్వాతి పీరియడు కూడా ఒప్పించాను మేడమ్.

గ్లోబు స్టాండు వెల్డింగు షాపులో ఇచ్చాను. 23½ డిగ్రీల వంపు సరిగ్గా రావాలని కోణమానినితో అట్టముక్క కోసి ఇచ్చి వచ్చాను.

పటాలపెట్టె గారూ, ఒక సందేహం. స్థానిక కాలం, ప్రామాణిక కాలం పాఠానికి ఈ గదినుంచి బయటికి వచ్చి చేయగలిగింది ఏమైనా ఉందా?

పటాలపెట్టె

ఉంది సార్, దానికి గది కన్నా జెండా దిమ్మె దగ్గర చదునైన చోటు మేలు. మన గడియారాల టైముకి ఆధారమైన ప్రామాణిక రేఖ 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం, అన్నవరానికీ తునికీ మధ్య దాటుతుంది. ఖమ్మం దానికి పడమరగా 80.15 దగ్గర ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున తొమ్మిది నిమిషాలు పైన తేడా. మీటరు కర్ర నిట్టనిలువుగా పాతి, పదకొండున్నర నుంచి ఐదేసి నిమిషాలకి నీడ చివర గుర్తు పెట్టించండి. అన్నిటికన్నా పొట్టి నీడే మీ ఊరి మధ్యాహ్నం, ఆ నీడ పడే గీతే ఉత్తర దక్షిణాలు. వరండాలో పటం గీసేముందు దిక్కు పట్టుకోవడానికి కూడా అదే వాడండి, ఫోను దిక్సూచి ఇనుప గ్రిల్లుల దగ్గర తప్పు చూపిస్తుంది.

మీ అక్షాంశానికి నీడలేని రోజు, అంటే సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చే రోజు, ఏడాదికి రెండుసార్లు వస్తుంది. మేలో వచ్చేది సెలవుల్లో పోయింది. రెండోది ఆగస్టు 4 ప్రాంతంలో. ఆ రోజుల్లో సూర్యుడు గడియారం కన్నా ఇంకో ఆరు నిమిషాలు వెనక ఉంటాడు, కాబట్టి 12.15 ప్రాంతంలో కర్ర నీడ కర్ర మొదట్లోనే పడిపోతుంది. మబ్బు పట్టే నెల కాబట్టి ఒక్క రోజు మీద ఆశ పెట్టుకోకండి. రెండు రోజులు అటూ ఇటూ అయినా మీటరు కర్రకి నీడ సెంటీమీటరు దాటదు. 2 నుంచి 6 దాకా రోజూ 12 గంటలకి ఏడో తరగతిని బయటికి తీసుకురండి. గుర్తులు పెట్టిన కాగితం కింద తేదీ, టైము రాయించి స్టాక్ రిజిస్టర్లో ఎక్కించండి, వచ్చే ఏడాది పిల్లలకి పోల్చుకోవడానికి కావాలి.

మున్నేటిగట్టు

ఆగస్టు 2 నుంచి 6 రాసిపెట్టుకున్నాను. కర్ర రేపే కోయిస్తాను.